సరిచేసిన ముఖం

తెలుగు నేతపనివాళ్లు వలస వచ్చి స్థిరపడ్డ లింబాయత్‌లో నా ఫొటో స్టూడియోకి ఎక్కువమంది పాస్‌పోర్టు ఫొటోల కోసమే వస్తారు. ఆ వానాకాలం ఒక పొద్దున నడివయసు తెలుగావిడ వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బిడ్డా, మా ఇంటాయనది ఒక్క మంచి ఫోటో గావాలె. పెద్దగ, గోడకు వెట్టేటట్టు."

ఆయన మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడట. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మూతి ఓ పక్కకి జారింది. అప్పటినుంచి గడప దాటడం లేదు, ఎవరైనా వస్తే దుప్పటి కప్పుకుంటున్నాడు. ఫొటోలో తన ముఖం బాగా కనిపిస్తే మళ్లీ నలుగురిలోకి వస్తాడని ఆమె ఆశ.

మొదటిసారి కెమెరా లేకుండానే వెళ్లాను. ముఖాన్ని తీసే ముందు ఆ ముఖం మీద వెలుతురు ఎలా పడుతుందో చూసుకోవాలి. వాళ్లది ఇరుకు సందులో ఒంటి గది. పొద్దున పూట మాత్రం తలుపులోంచి మెత్తటి వెలుగు కొంచెం లోపలికి వచ్చేది. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు.

"నా మూతి జూడనీకి వచ్చినవా?" మాట ముద్దగా వచ్చింది.

"చాయ్ తాగనీకి వచ్చిన పెద్దనాయినా" అన్నాను.

కాసేపటికి ఇటు తిరిగాడు. వెళ్లబోతుంటే, "తీస్తె తియ్యి గని, మూతి సక్కగ జెయ్యాలె" అన్నాడు. సరేనన్నాను.

తర్వాతి వారం కుర్చీని గడప దగ్గరికి జరిపాను. కుడి చెంప మీద వెలుగు పడి, ఎడమవైపు నీడలోకి పోయేలా కూర్చోబెట్టాను. వెనక గోడకు ఆమె నల్ల శాలువా కట్టాను. గది చిన్నది కాబట్టి బయట సందులో నిలబడే తీయాలి. తుంపర మొదలైంది. ఆమె నా వెనక నిలబడి కెమెరా మీద గొడుగు పట్టింది.

ఆయన భుజాలు బిగపట్టి, పెదవులు గట్టిగా మూశాడు. అలా తీస్తే శిక్ష అనుభవిస్తున్నవాడి ఫొటోలా ఉంటుంది.

"పెద్దమ్మ పెండ్లిల నీ దిక్కు జూసిందా పెద్దనాయినా?"

"యాడ! నా చెప్పుల దిక్కే జూసింది" అని ఆమె వైపు చూసి నవ్వాడు. ముఖంలో ఒక సగమే నవ్వింది. రెండో సగం కదల్లేదు. ఆ క్షణంలోనే బటన్ నొక్కాను.

కంప్యూటర్ ముందు కూర్చుని చేయాల్సినవి చేశాను. శాలువా పక్కన కనిపిస్తున్న కరెంటు తీగ తీసేశాను, వెనకభాగం ఇంకాస్త నల్లగా చేశాను, కంటికి కొద్దిగా మెరుపు ఇచ్చాను. అక్కడితో ఆగితే బాగుండేదనిపించింది, కానీ మాట ఇచ్చాను. బాగున్న సగాన్ని తిప్పి రెండోవైపు అతికించి, మూతి సరిచేశాను. ఎక్కడా అతుకు కనిపించలేదు. మనిషి అందంగానే ఉన్నాడు, కానీ ఎవరిని చూసి నవ్వాడో తెలియడం లేదు.

రెండూ ప్రింటు తీసి పట్టుకెళ్లాను. ఆమె మార్చని ఫొటో మీద వేలు పెట్టింది. "గిదే. నన్ను జూసి నవ్విన నవ్వు గిదే."

ఆయన దాన్ని పక్కకి నెట్టేశాడు. సరిచేసిన దాన్ని చాలాసేపు చూశాడు. "గిది నేను. గిది గోడకు వెట్టు. గా రెండోది పారెయ్యి."

ఆమె సరిచేసినదాన్నే గోడకు పెట్టింది.

ఆయన బయటికి రాలేదు. గదిలో అద్దం తీసేయించాడు. ఎవరైనా పలకరించడానికి వస్తే ఫొటో వైపు చెయ్యి చూపించి దుప్పటి లాక్కునేవాడని ఆమె ఒకసారి బజారులో చెప్పింది. "ఫోటో వచ్చినంక ఇంకింత లోపల్కి వోయిండు బిడ్డా" అంది.

చలికాలంలో మళ్లీ పక్షవాతం వచ్చింది. ఈసారి లేవలేదు.

నేను పరామర్శకు వెళ్లేసరికి, దండ వేసిన ఆ ఫొటో ముందు చుట్టాలు, "మనిషి ఎంత మంచిగ ఉండె" అనుకుంటూ వచ్చి పోతున్నారు. ఆమె నన్ను సందులోకి పిలిచింది.

"రెండోది ఆయన పారెయ్యమంటె పారేసిన. నీ తాన ఉన్నదా?"

ఉందన్నాను. మర్నాడు చిన్న సైజులో ప్రింటు తీసిచ్చాను. నా కౌంటరు దగ్గరే నిలబడి ఏడ్చింది.

"గోడకు కడతవా పెద్దమ్మా?"

"వద్దు. ఆయనకు నచ్చలే గద" అంది. ఫొటోని కొంగులో చుట్టుకుని, షేర్ ఆటోలో మిగిలిన కాస్త చోటులో ఒదిగి కూర్చుని వెళ్లిపోయింది.