ఇనుప కాళ్లు లేచిన సాయంత్రం

మా దీవిలోని వండూర్ జెట్టీ దగ్గర తుప్పూ డీజిలూ కలిసిన వాసన తగిలితే ఇప్పటికీ నా కాళ్లు కొండవైపు తిరుగుతాయి.

చిన్నప్పుడు టీవీలో ఒక కార్టూన్ వచ్చేది. అందులో నాలుగు ఇనుప కాళ్ల యుద్ధయంత్రం సముద్రంలోంచి లేచి ఊళ్లను తొక్కేసేది. ఆ రోజుల్లోనే డిగ్నాబాద్‌లో మా ఇంటి దిగువన, జెట్టీ పనికోసం నాలుగు ఇనుప స్తంభాల మీద నిలబడే బల్లపరుపు పని పడవని, బార్జ్‌ని, తెచ్చి నిలిపారు. పొద్దున అది నీళ్లలో చతికిలబడి కూర్చున్నట్టు కనిపించింది. సాయంత్రం పోటు తగ్గి నీళ్లు వెనక్కి తీసేసరికి దాని కాళ్లు నల్లగా, పొడుగ్గా బయటపడ్డాయి. లేచి నిలబడిందనుకున్నాను. కొండమీది చర్చి వైపు పరుగెత్తాను.

నేను కొండవైపు పరుగెత్తడం నానమ్మ చూసింది. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి, చెల్లిని చంకనేసుకుని నా వెనకే పరుగెత్తింది. ఆమెను చూసి పక్కింటి దీదీ కూడా వచ్చేసింది.

చర్చి మెట్ల మీద రొప్పుతూ అడిగింది నానమ్మ. "ఏటి సూసినావు బేటా?"

"మెషీన్ లేచి నించుంది నానమ్మా. మనల్ని తొక్కేస్తాది."

ఎవరూ నవ్వలేదు, తిట్టలేదు. చీకటి పడేదాకా సముద్రం వైపే చూస్తూ నిలబడ్డారు. వాళ్లూ నా యంత్రానికే భయపడుతున్నారనుకుని నానమ్మ కొంగు గట్టిగా పట్టుకున్నాను.

మా తీరాన్ని ముంచిన సునామీ వచ్చిననాటికి నేనింకా పుట్టలేదు.