కంట్రోలు గుంటలో నా నెత్తురు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. చీమ కుడితే తేలని చెబుతాను. అది తీసేసి చదువుకోండి.

తొంభైల చివర్లో రాజమండ్రిలో ఒక బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా చేసేవాణ్ని. దాతలిచ్చిన నెత్తురుకి హెచ్ఐవీ పరీక్ష నా పని. గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో గుంటకొకరి నెత్తురు చుక్క వేస్తాం. మందులు పోసి కడిగాక, జబ్బుంటే గుంట పచ్చబడుతుంది, లేకపోతే నీళ్లలా ఉండిపోతుంది. పరీక్ష సరిగ్గా నడిచిందో లేదో చూసుకోవడానికి, జబ్బు లేదని తెలిసిన మనిషి నెత్తురు ఒక గుంటలో వేసేవాళ్లం. అదే కంట్రోలు. ఆ మనిషిని నేనే. రాజమండ్రి నుంచి నరసాపురం దాకా రెండు జిల్లాల నెత్తురూ నా నెత్తురు పక్కన నిలబడి హాజరు వేయించుకునేది.

ఒక మధ్యాహ్నం నా గుంట పచ్చబడింది. దబ్బపండంత పచ్చగా.

"ఇది మీదే కదండీ?" అంది నాతో పనిచేసే మేడం.

"నాదేనండి."

ఆర్నెల్ల కిందట పనిలో పొరపాటున వేలికి దిగిన సూది గుర్తొచ్చింది. తర్వాత ఇంట్లో మా ఆవిడ గుర్తొచ్చింది. నాకుంటే ఆవిడకీ ఉండొచ్చు.

"ప్లేటు కడిగిందెవరు?" అని అడిగింది మేడం.

"నేనే."

"కబుర్లు చెబుతూ కడిగుంటారు. సరిగ్గా కడక్కపోయినా పచ్చబడుద్ది కదండీ. చెయ్యివ్వండి, కొత్తగా తీస్తాను. భయమేస్తోందా?"

"లేదండి."

నిజంగానే లేదు. ఏమీ లేదు. సూది దిగినట్టు కూడా తెలియలేదు.

ప్లేటు మొత్తం మళ్లీ పెట్టాం. తేలేదాకా ఒక్క నెత్తురు సంచీ బయటికి వదల్లేదు. రెండు గంటలు పట్టింది. క్యారేజీ విప్పి తిన్నాను, ఏం తిన్నానో తెలియదు. కిటికీలోంచి వంతెన మీద రైలు కనబడితే పెట్టెలు లెక్కపెట్టాను. పద్దెనిమిది. ముప్ఫై అని చెప్పాలని కూడా అనిపించలేదు.

ఈసారి నా గుంట నీళ్లలా ఉంది.

"చూశారా! కాజాలు తెప్పించండి బాబూ," అంది మేడం.

పోయిన ప్రాణం తిరిగొచ్చిందని ఇక్కడ రాయాలి. ఏమీ రాలేదు. ప్లేట్లు రెండూ బ్లీచింగు నీళ్లలో ముంచి చేతులు కడుక్కున్నాను.

సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడకి అంతా చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇందులో నేను కల్పించింది ఇప్పుడు చెప్పిన ఆ రెండు వాక్యాలే. నిజానికి ఆవిడ "ఏవండీ, ఇంతాలస్యం?" అంది. "ప్లేటు రెండుసార్లు పెట్టాల్సొచ్చింది," అని, ఏం కూర చేశావని అడిగాను.