పాయఖానా ఉన్న మోటరు, మా డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయిందన్న కబురు నాకు మంగలి కుర్చీలో అందింది. అప్పటికి సగం గడ్డమే గీశాడు. మిషన్ దవాఖానలో నర్సుగా చేసి దిగిపోయినావిడ కొడుకు సైకిలు ఆపి, "తాతా, మీ డాక్టరమ్మ పొద్దుగాల పోయిందట" అన్నాడు.

నా నోటికి మొదట వచ్చిన మాట, "ఎవలతోని కొట్లాడుకుంట?"

మంగలి నవ్వు ఆపుకోలేక కత్తి పక్కకు తీశాడు. ఆ పిల్లవాడు మాత్రం నవ్వలేదు. "మా అవ్వతోనే. పాలల్ల చక్కెర ఎక్కువేసిందని" అన్నాడు. నేను మిగతా సగం గడ్డంతోనే లేచి వెళ్లాను.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. అట్లా చెబితే ఆమె సమాధిలోంచి లేచి, "డ్రైవర్, అబద్ధాలెందుకు ఆడుతున్నవ్?" అని గద్దిస్తుంది. అందుకని ఉన్నది ఉన్నట్టే రాస్తాను. ఆమె నోరు మంచిది కాదు. నా నోరూ మంచిది కాదు. ఏళ్ల తరబడి ఒకే మోటరులో తిరిగాం, తిరిగినన్నాళ్లూ తిట్టుకున్నాం. సమాధుల తోటకు వచ్చినవాళ్లు కొద్దిమందే. వాళ్లలోనూ కొందరు నిజంగానే పోయిందా లేదా అని చూసుకోవడానికి వచ్చినట్టున్నారు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తల్లో మా దవాఖానకు ఒక మోటరు వచ్చింది. బస్సంత పొడుగు. లోపల ఒక బల్ల, మందుల బీరువా, పడుకోవడానికి పరుపులు, వెనక మూలన తలుపు వేసుకునే పాయఖానా. దాని కింద ఇనుప టాంకి, టాంకికి పిడి ఉన్న నల్లా. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల పల్లెలు తిరిగి ఆడవాళ్లకు వైద్యం చెయ్యడం ఆ మోటరు పని. అంతకు ముందు నేను టేకు దుంగల లారీ నడిపేవాణ్ణి. దుంగలకు పాయఖానా అక్కర్లేదు. అందుకే చేరిన రోజునే ఆ పిడి చూపించి, "ఇది నిండితె ఎక్కడ ఖాళీ చేస్తరమ్మా?" అని అడిగాను.

"అది చూసుడే నీ నౌకరి" అంది.

బయట ఇంతింత చేలు ఉండగా లోపల ఇదెందుకు, పీకేస్తే ఇంకో పరుపు పడుతుంది గదా అన్నాను. ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. "కాన్పయి కుట్లు పడ్డదాన్ని చెంబిచ్చి చేన్లకు తోలుమంటవా? నీ అవ్వనయితె తోలుతువా?" ఇంకో మాట కూడా అంది. ఆ మాట తర్వాత ఎన్ని ఊళ్లలో ఎంతమందితో అందో చెప్పలేను. "దేవుడు నోరు పెట్టిననాడే రెండో దారి గూడ పెట్టిండు. మీ మగోళ్లు మొదటిదాని గురించే మాట్లాడుతరు."

ఆమె కూర్చుని తినగా నేను చూడలేదు. కోటు జేబులో వేయించిన పల్లీలు ఉండేవి. వాటి పొట్టంతా నా సీటు కిందే పడేది. ప్రయాణంలో కళ్లు మూసుకునేది. నిద్రపోయింది గదా అని నేను బీడీ తీస్తే, కళ్లు తెరవకుండానే, "ముట్టియ్యి, దిగి నడుచుకుంట రా" అనేది.

ఇక్కడ కాస్త పక్కకు పోతాను, ఓపిక పట్టండి. నేను బడికి పోయినవాణ్ణి కాదు. అక్షరాలు మైలురాళ్ల మీద నేర్చుకున్నాను. నిజాం కాలపు రాళ్ల మీద ఉర్దూ కూడబలుక్కొని నేర్చుకునేసరికి రాజ్యం మారింది. రాళ్లకు సున్నం కొట్టి తెలుగు రాశారు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఆదిలాబాదు దాటి అవతలికి పోతే మరాఠీ. సర్కారు మారినప్పుడల్లా నేను చదువురానివాణ్ణి అయ్యాను. అయినా ఆ రాళ్లే నాకు గుర్తులు. ఫలానా రాయి దగ్గర టాంకి ఖాళీ చేసుకోవడానికి గుంత తవ్వుకోనిచ్చారు, ఫలానా రాయి దగ్గర మా మీదికి కుక్కల్ని ఉసిగొల్పారు. రెండో రకం రాళ్లే ఎక్కువ.

మా రైతును నేను తప్పు పట్టను, నేనూ రైతు కొడుకునే. కానీ చిత్రం చూడండి. పేడను చేత్తో ఎత్తి గంపలో వేసుకుంటాడు. గొర్రెల మందను తన చేన్లో పడుకోబెట్టమని గొల్లలను బతిమాలి, బువ్వ పెట్టి మరీ తెచ్చుకుంటాడు. తాను కూడా తెల్లారగానే చెంబు పట్టుకొని ఆ చేనికే పోతాడు. అదే టాంకిలో వస్తే మాత్రం గొడ్డలి తీస్తాడు. ఇచ్చోడ దగ్గర ఒకాయన నిజంగానే తీశాడు.

"నా చేన్ల ఎవల పియ్యో తెచ్చి పోస్తవారా?"

"మందుల నీళ్లే అన్నా, ఓ మూలకు జర జాగ ఇస్తె..." అని నేను నీళ్లు నమిలాను.

డాక్టరమ్మ తలుపు తీసి తల బయట పెట్టింది. "అబద్ధమెందుకు చెప్తున్నవ్ డ్రైవర్? పియ్యే. గాయన పెండ్లానిది గూడ ఉన్నది, పొద్దుగాల వచ్చి చూపించుకొని పోయింది."

ఆ రోజు మోటరు వెనక అద్దం పగిలింది. నా భుజానికి తగిలిన రాయి గుర్తు ఇంకా ఉంది.

చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున మోటరు ఆపి, "ఈన్నే వదిలేద్దామమ్మా, ఎవలకు తెల్వది" అన్నాను. "కింద ఊర్లున్నయ్. గా నీళ్లే తాగుతరు. ఆ రోగాలకు మందు మళ్ల నేనే ఇయ్యాలె. నాకు పని పెంచకు, నడువు" అంది. నిండిన టాంకితో, ఎండలో, పొద్దంతా నడిపించింది. ఊరి పేరు అడగడానికి ముందు, మంచినీళ్లు అడగడానికి ముందు మేము అడిగే మాట ఒకటే: "గుంత తవ్వుకోనిస్తరా?" ఊరికి దవాఖాన కావాలి, సూది కావాలి, గోలీలు కావాలి. దాని టాంకి మాత్రం పొరుగూరికి పోవాలి.

నాకు 'పియ్యి బండోడు' అని పేరొచ్చింది. ఒక పెండ్లిలో మా మేనమామ నా పక్క విస్తరి ముందునుంచి లేచి ఇంకో బంతిలో కూర్చున్నాడు. కడుపు మండి ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పాను, ఒక మెత్తని మాటైనా అనకపోతుందా అని. "మంచిదాయె. జాగ దొరికింది గదా, కాళ్లు సాపుకొని తినకపోయినవా?" అంది.

ఇక అసలు సంగతికి వస్తాను. బోథ్ అవతల ఒక పత్తి రైతుల ఊరు. ఎండాకాలం. ఆ ఊళ్లో ఒక పెద్ద రైతు కోడలు పశువుల కొట్టంలో ఉంటోంది. తొలి కాన్పు రోజుల తరబడి కష్టమై బిడ్డ దక్కలేదు. లోపల చినిగిపోయి, అప్పటినుంచి మూత్రం ఆగకుండా కారుతూనే ఉంటుంది. ఆ వాసనకు ఇంట్లోంచి కొట్టంలోకి పంపారు. కూడు గడప దగ్గర పెట్టి పోతారు. డాక్టరమ్మ కొట్టంలోకి వెళ్లి చూసి వచ్చి, "కుట్టొచ్చు. మా దవాఖానకు తీసుకపోవాలె" అంది.

మామ ముక్కుకు తువాల అడ్డం పెట్టుకొని దూరంగా నిలబడ్డాడు. "తీస్కపోతె తీస్కపోండ్రి. మళ్ల తేకుండ్రి. వానలు పడకముందె నా కొడుక్కు ఇంకో పిల్లను తెస్తున్న."

ఆ మాట విని ఆ పిల్ల కొట్టం గుంజను పట్టుకుంది. "నేను రానమ్మా. పోతె గీ కొట్టం గూడ ఉండది నాకు."

డాక్టరమ్మ ఎంత తిట్టినా ఆ పిల్ల గుంజను వదల్లేదు. ఆ కోపం నా మీదికి మళ్లింది. "నువ్వేం చూస్తున్నవ్? దారి పొడుగూతా ఈ పిల్లకు పాయఖానా కావాలె. టాంకి ఖాళీ చేసుకొని రాపో!"

ఊరి వెనక పెంటకుప్పలు వరసగా ఉన్నాయి, ఎవరి ఇంటి కుప్ప వాళ్లది. వాటి మధ్య ఒక గుంత ఊడ్చినట్టు ఖాళీగా కనిపించింది. అడగడానికి చుట్టుపక్కల మనిషి లేడు, ఊరంతా మోటరు చూడ్డానికే వచ్చింది. నేను మోటరు వెనక్కి పెట్టి పిడి తిప్పేశాను. మా దిక్కు మనిషినై ఉండి, ఎరువు గుంత ఊరికే ఖాళీగా ఉండదన్న తెలివి నాకు లేకపోయింది.

మా దిక్కు పెంటకుప్పకు కాగితం మీద పట్టా ఉండదు, నోటి మీద ఉంటుంది. దీపావళికి దాని మీద దీపం పెడతారు. అన్నదమ్ములు వేరు పడితే ఇల్లు, ఎడ్లతో పాటు కుప్ప కూడా పంచుకుంటారు. పంపకంలో తేలని గుంత ఉంటే ఆచారం ఒకటే, ఎవరి గంప మొదట పడితే గుంత వాళ్లది. ఆ గుంత ఈ మామదీ, అతని తమ్ముడిదీ. వేరు పడ్డప్పటినుంచి ఒకరినొకరు కాపలా కాసుకుంటూ ఎవరినీ ఒక్క గంప పోయనివ్వలేదు. నేనేమో టాంకి పోశాను.

నా అంగీ కాలరు పట్టుకొని మోటరు దగ్గరికి ఈడ్చుకొచ్చారు. కొందరి చేతుల్లో రాళ్లు, కొందరి చేతుల్లో కట్టెలు. ఊరి పటేలును, ముసలాయనను, మంచంతో సహా తెచ్చి వేపచెట్టు కింద పెట్టారు.

"గంప పడ్డదా లేదా?" అన్నాడు పటేలు.

"గంప గాదు పటేలా, టాంకి!" అని మామ అరిచాడు.

"టాంకయితె ఇంక ఎక్కువాయె."

"అది ఎరువా? మైల!" అన్నాడు తమ్ముడు.

"మైలయితె మీ ఇండ్లనుంచి వచ్చిందే" అంటూ డాక్టరమ్మ జనాన్ని మోచేతులతో తోసుకొని ముందుకొచ్చింది. "జర ఆగుండ్రి. ముందు పోసినోళ్లదే గుంతనా?"

"అవు. తాతల నాటి మాట."

"అయితె గుంత నాది."

పటేలు పాన్ నమలడం ఆపాడు. "నీకెందుకమ్మా గుంత? నువ్వేమన్న నాగలి కడ్తవా?"

"నేను కట్టను. ఇంకొకలకిస్త." అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే అడుగు ముందుకు వేశారు. ఆమె వాళ్ల వైపు చూడకుండా చెయ్యెత్తి కొట్టం వైపు చూపించింది. "గా పిల్లకిస్తున్న. ఆమె ఏ ఇంట్ల ఉంటె గుంత ఆ ఇంటిది. బాగయి వచ్చినంక ఆమెను కోడలిగ ఇంట్ల ఉంచుకుంటె గుంత అన్నకే. ఎల్లగొట్టినా, ఇంకోదాన్ని తెచ్చినా, గుంత తమ్మునికి పోతది."

పటేలుకు నవ్వొచ్చి పాన్ గొంతుకు అడ్డం పడింది. దగ్గి, ఉమ్మి, "మాట బాగనె ఉన్నది" అన్నాడు. తమ్ముడు వెంటనే ఒప్పుకున్నాడు. అన్న ఎట్లాగూ వెళ్లగొడతాడని అతని నమ్మకం. అన్న పళ్లు కొరుకుతూ ఒప్పుకున్నాడు. తమ్ముడికి పోతుందని అతని భయం.

అత్త మాత్రం వాకిట్లో దుమ్మెత్తి పోసింది. "పెంట గుంత కోసం దాన్ని మళ్ల ఇంట్ల పెట్టుకోవాల్నా?"

"అవు" అంది డాక్టరమ్మ. "నీ కోడలికి మీ ఇంట్ల పెంట గుంతంత విలువన్న వచ్చింది. సంతోషపడు."

ఆ పిల్ల గుంజను వదిలింది. మోటరు ఎక్కి పరుపు మీద కూర్చోకుండా కింద ఓ మూలకు ఒదిగింది. "లేచి పండుకో. తడుస్తె డ్రైవర్ ఉతుకుతడు" అంది డాక్టరమ్మ. నేను ఉతకనని గట్టిగానే చెప్పాను. ఉతికాను.

ఇన్నేళ్లలో డాక్టరమ్మ నన్ను శభాష్ అన్నది లేదు. మోటరు పాతబడి మూలపడ్డాక, ఆమె నౌకరి దిగిపోయాక, అప్పుడప్పుడు చూడ్డానికి వెళ్లేవాణ్ణి. "ఎందుకొచ్చినవ్? నాకేం రోగం లేదు" అనేది. అంటూనే పల్లీల గిన్నె నా వైపు తోసేది. ఇద్దరం పాత ఊళ్లను తిట్టుకునేవాళ్లం. ఆమె మోటరు ఎక్కించకపోతే నేను బతుకంతా దుంగలే మోసేవాణ్ణి. ఆమె చాకిరీలో మనుషులను మోశాను. ఈ మాట ఆమె ముందు అనివుంటే పల్లీల గిన్నె వెనక్కి లాక్కునేది.

ఆ బోథ్ అవతలి ఊరికే మళ్లీ వస్తాను. ఆ ఏడు వానలు వెలిసి రేగడి దారి గట్టిపడ్డాక, పత్తి ఏరే రోజుల్లో, ఆ పిల్లను తిరిగి తీసుకుపోయాం. ఇంకో పెండ్లి జరగలేదు. ఆ మాట ఎత్తినప్పుడల్లా తమ్ముడు గంపతో గుంత దగ్గరికి వచ్చి నిలబడేవాడట.

వాకిట్లో ఆడవాళ్లు కూర్చుని ఏరిన పత్తిలోంచి ఎండాకులు తీస్తున్నారు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆ పిల్ల వాళ్ల చివరన దుమ్ములో కూర్చుని గుప్పెడు పత్తి దగ్గరికి తీసుకుంది. పక్కనున్నామె తన కొంగు లాక్కుంది.

నేను ఇంజను ఆపలేదు. "పోదామా అమ్మా?" అన్నాను.

"నోరు మూసుకో" అంది డాక్టరమ్మ, అద్దంలోంచి చూపు తిప్పకుండా.

పత్తి కుప్ప కొంచెం కొంచెంగా తెల్లబడింది. చాలాసేపటికి అత్త లోపలినుంచి, ఎవరినీ పేరు పెట్టి పిలవకుండా, బిందె నీళ్లు తెమ్మని అరిచింది. ఆ పిల్ల లేచింది. లేచి, కొట్టంలో పడిన అలవాటు కాబోలు, తాను కూర్చున్న చోటును వెనక్కి తిరిగి చూసుకుంది. పనులాపి ఆడవాళ్లందరూ అక్కడికే చూశారు. మెత్తటి దుమ్ములో చీర మడతల అచ్చు పడి ఉంది. ఒక్క చుక్క తడి లేదు. ఆ పిల్ల బిందె సంగతి మరిచి ఆ అచ్చును చూస్తూ అట్లాగే నిలబడింది.