పెయిన్‌కి ముందు మాట

నేను మదనపల్లెలో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పుతాను. ఒకసారి కుప్పం బస్సులో పాఠం చూసుకుంటుంటే, పుంగనూరులో ఎక్కి పక్కన కూర్చున్న పెద్దాయన అదేమిటని అడిగాడు.

"ఏ మాటకు ముందు ఏది చేర్చాలో ఉంది పెద్దాయనా. హెవీ రెయిన్, స్ట్రాంగ్ టీ, అట్లా."

"పెయిన్‌కి ముందర ఏం పెట్టాల సార్?"

"సివియర్. తట్టుకోలేనంత అని."

ఆయన దాన్ని రెండుసార్లు మెల్లగా పలికి చూసుకున్నాడు.

"మా ఇంటామెకు కడుపులో నొప్పొస్తే తెలుగు రాని బెంగళూరు డాక్టరుకు ఉత్త పెయిన్ అనే చెప్పినా సార్. మాత్రలిచ్చి పంపించినాడు. వారం తిరక్కముందే మనిషే పాయె."

ఆ ఒక్క మాటతో ఏమీ మారేది కాదన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"ఇంత సిన్న మాటేనా సార్."

ఇప్పుడు ఏ బ్యాచ్ వచ్చినా మొదటిరోజు ఆ మాటే నేర్పుతాను, గుడ్ మార్నింగ్ కంటే ముందు.