చింతపండుతో తోమిన గంట

మొన్న దీపావళికి ముందు మా తోడికోడలు ఇత్తడి సామానంతా వాకిట్లో పరిచి, చింతపండు పులుసు పూసి తోముతోంది. నేను దాటిపోతుంటే ఒక చెంబు నా చేతికివ్వబోయింది. "నాకియ్యకు, ఇత్తడి తోముడు మానేసి తొమ్మిదేండ్లయింది" అన్నాను. "నౌకరీ చేసేటోళ్లకు మంచి సాకులు దొరుకుతయి" అందామె. అది సాకు కాదని చెప్పాలంటే మా పెద్దసారు సంగతి మొత్తం చెప్పాలి. ఆమెకు అంత ఓపిక లేదు, మీకుందనుకుంటాను.

బోధన్ రోడ్డు మీద ఒక ట్రస్టువారి బడి ఉంది. దాని మేడమీద మూడు గదుల చిన్న మ్యూజియం. కాలువలు తవ్వినప్పుడో, చెరకు పొలాలు దున్నినప్పుడో బయటపడ్డ రాళ్లూ కంచు సామానూ అందులో ఉన్నాయి. చరిత్రలో బి.ఏ. చదివి, పదిహేనేళ్లు ఇంట్లో అందరితో వాదించి, చివరికి నేనక్కడ చేరాను. నాకు తోడు ఒక అవ్వ. పేరుకు అటెండరు, కాస్త తీరిక దొరికితే చాట ముందేసుకుని బీడీలు చుట్టేది. ట్రస్టు సెక్రటరీగారు కోస్తా నుంచి వచ్చి వర్ని దగ్గర స్థిరపడ్డ రైతు. మర్యాదస్తుడే కాని, ఏదైనా కాగితం మీద ఉండాలంటారు. "ఒక పెద్దసారు వచ్చి పది రోజులు ట్రైనింగిస్తారండీ. ఆఖర్న ఆ సారు సంతకం పెడితేనే మీ ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంకొకర్ని చూసుకోవాలి" అని ముందే చెప్పేశారు. అంతటి మనిషి వస్తున్నాడని అవ్వా నేనూ గదులన్నీ కడిగాం. ఆ ఊపులోనే కందకుర్తి వైపు పొలంలో దొరికిన కంచు గంటను, పచ్చగా చిలుము పట్టి అసహ్యంగా ఉందని, చింతపండులో నానబెట్టి బూడిదతో తోమాం. సగం అయ్యేసరికి చింతపండు అయిపోయింది. మెరిసే సగం తలుపుకు ఎదురుగా ఉండేలా గంటను నిలబెట్టి, మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను.

సారు ఇందల్వాయి నుంచి బస్సులో వచ్చారు. హైదరాబాదులో ఒక పెద్ద మ్యూజియంలో పనిచేసి రిటైరైన మనిషి. చేతిసంచిలో టిఫిను డబ్బా, భూతద్దం, అరడజను పెన్సిళ్లు. గంట చుట్టూ ఒకసారి తిరిగి చూసి, మంచినీళ్లడిగారు. మూడు రోజులు మమ్మల్ని దేన్నీ ముట్టనివ్వలేదు. గాజులు తీయించారు, ఉంగరం తీయించారు, అవ్వ బీడీల చాటను మెట్ల కిందికి పంపించారు. ఒక స్టీలు గ్లాసు నా ముందు పెట్టి, అరగంట సేపు దాని గురించి రాయమన్నారు. "స్టీలు గ్లాసు, బాగుంది" అని రాసి పెన్సిలు పక్కన పెట్టాను. "బాగుంది అన్నది నీ సంగతి తల్లీ. గ్లాసు సంగతి రాయి" అన్నారు. నేనూరుకుంటానా? గ్లాసుకు సంగతులేముంటాయని వాదానికి దిగాను. ఆయన నవ్వి, అంచు మీది రెండు సొట్టలు, అడుగున చెక్కిన పేరులో అరిగిపోయిన అక్షరం, ఎప్పుడో అంటించిన మాటు, ఒక్కొక్కటే వేలు తగిలించకుండా చూపించారు. ఆ రోజు నా అరగంటలో తొమ్మిది వాక్యాలు పడ్డాయి. ఏ వస్తువునైనా ఎత్తేముందు దించే చోటు ఖాళీ చేసుకోవాలనీ, పిడి ఉన్నా సరే పిడి పట్టి ఎత్తకూడదనీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నా వాదనలంటే ఆయనకు ఇష్టమే అనుకుంటాను. ఒక పూట నోరు మూసుకుని ఉంటే, "ఏమైంది, ఇయ్యాల జరమొచ్చిందా?" అని అడిగారు.

నాలుగో రోజు గంటను బల్ల మీద మెత్తటి గుడ్డపై పెట్టించి, తోమని సగం మీద భూతద్దం పట్టుకోమన్నారు. చిలుములో సన్నటి గీతలు, అడ్డంగా, నిలువుగా. "ఎవరో బట్టల చుట్టి దాసిపెట్టిండ్రు. బట్ట మట్టిల కలిసిపోయింది, దాని అచ్చు మాత్రం చిలుముల నిలిచింది" అన్నారు సారు. అవ్వది నేతపని చేసే ఇల్లు, చిన్నప్పుడు కండెలు చుట్టిన మనిషి. భూతద్దం నా చేతిలోంచి లాక్కుని చాలాసేపు చూసింది. "ముతక చీర. గిదిగో, గీడ పోగులు దగ్గరవడ్డయి, అంచు షురువైతున్నది" అంటూ వేలిని గాలిలో జరుపుకుంటూ పోయి, మెరుపు మొదలైన చోట ఆపేసింది. "మిగిలిన అంచు మనం కడిగి మోరీల పోసినం బిడ్డా."

నేను సారు వైపు చూడలేదు. తిడితే తిరిగి ఏదో ఒకటి అనేదాన్నే. ఆయన రిజిస్టరు తెరిచి గంట పేజీ నా ముందు పెట్టారు. "ఏం జేసినవో రాయి." ట్రస్టువాళ్లు అది చూస్తే నా ఉద్యోగం అక్కడితో సరి. ఆ మాటే అన్నాను. రాయకపోతే ఎవరికి తెలుస్తుందనీ అన్నాను. "ఎవ్వరికీ తెల్వది. రేపు దీన్ని జూసేటోడు, ఈ దిక్కు బట్టే సుట్టలేదనుకుంటడు" అన్నారు, పెన్సిలు చెక్కుతూ. అరగంట కూర్చుని రాశాను. చదివి, చింతపండు ఎంత, ఎంతసేపు నానింది, ఏ కట్టెల బూడిద అని అడిగారు. "వంట రాయమంటరా సార్?" అన్నాను. "ఔ, పులుపు ఇంక లోపల్నే ఉంటది, దీనికి మందేసేటోనికి తెల్వాలె" అన్నారు. అవ్వ ముందుకొచ్చి, "నానవెట్టింది నేనే గద, నన్నెందుకు ఇడిసిపెడ్తవు?" అని నా వాక్యం పక్కన వేలిముద్ర వేసింది.

పదో రోజు సెక్రటరీగారు ఆ పేజీ రెండుసార్లు చదివారు. ముఖం చిన్నబోయింది. "కమిటీ చూస్తే బాగోదండీ. ఈ కాగితం తీసేసి, శుభ్రంగా మళ్లీ రాయించుకుందాం. మీరు సంతకం పెట్టేయండి" అన్నారు. నాకూ అదే బాగుందనిపించింది, దాచుకోను. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "కాగితం చింపితే నేను సంతకం పెట్ట. గీ గదుల తాళాలు ఎవరికిస్తరు మీరు, చేసింది రాసేటోళ్లకా, చింపేటోళ్లకా?" అన్నారు. సెక్రటరీగారు ఆ పేజీ మళ్లీ ఒకసారి చూశారు. తర్వాత రిజిస్టరు మూసి, రెండు చేతులతో నాకందించారు. ఆ సాయంత్రమే సారు సంతకం పెట్టి, టిఫిను డబ్బా సంచిలో వేసుకుని బస్సెక్కారు. ఇంతమందితో వాదించాను గాని, ఓడిపోయి ఇంత లాభపడ్డది ఆయన దగ్గరొక్కచోటే.

గంట అక్కడే ఉంది. ఏడాదికోసారి దాని పరిస్థితి రాయడం నా పని. తోమిన సగం మీద మెరుపు ఎప్పుడో తగ్గి, ఏడాదికింత చొప్పున గోధుమరంగు మసక కమ్ముతోంది. మొన్న కొలిచి, అదెక్కడిదాకా వచ్చిందో రిజిస్టరులో గీసుకున్న గంట బొమ్మ మీద పెన్సిలుతో గుర్తు పెట్టాను. ఒక్క పూటలో మేం చెరిపేసిన పనిని కాలం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. అది పచ్చబడేదాకా నేనుండను, ఎక్కడిదాకా చూశానో రాసి పోతాను.