నానబోసిన విత్తనం

గంగి చేతిలో ఎప్పుడూ ఏదో ఒక గింజ ఉండేది. మాట్లాడుతూనే దాన్ని వేళ్ల మధ్య దొర్లించేది, పంటితో కొరికి ఆరిందో లేదో చూసేది. పెద్దవంగర దగ్గరి తండాలో పాతికేళ్లుగా సంసారం చేస్తున్న మనిషి. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో మెట్ట చెలకల నిండా జొన్న, జొన్నలో కంది, తొలకరికి పెసర ఉండేవి. తర్వాత పత్తి వచ్చింది, దాని వెనకే మక్కజొన్న వచ్చింది. జొన్న గట్లకు జరిగింది, పెసర ఆ గట్టు మీద కూడా పలచబడింది. పత్తి అమ్మిన పైసలతో అంగట్లో పప్పు కొనుక్కునే కాలం వచ్చింది. పప్పు ధర పెరిగిన కొద్దీ తండాలో పప్పుచారు నీళ్లదేరింది.

"మక్కలు కోళ్లకు పాయె, పత్తి మిల్లుకు పాయె. మరి మన కంచంల ఏమున్నట్టు?" అని గంగి మొగుణ్ని అడిగేది.

బీక్యా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఎకరం పెసరకు రెండు మూడు క్వింటాళ్లు రావడమే గగనమనీ, ఏరే వేళకు ముసురు పట్టిందంటే గింజ కాయలోనే మొలకెత్తుతుందనీ, పత్తి అయితే ఎంత లేదన్నా నాలుగు పైసలు కళ్లజూపిస్తుందనీ చెప్పేవాడు. గంగి అవన్నీ ఒప్పుకునేది. పెసరకు డెబ్బై రోజులు చాలనీ, మందు సంచి ముఖం చూడదనీ, పెసర తీసిన నేలలో ఏది వేసినా ఏపుగా లేస్తుందనీ మళ్లీ మొదలుపెట్టేది. ఆ వాదన ఏటా ఉగాది తర్వాత ఎత్తుకుని, తొలకరి నాటికి పత్తి గింజల పాకెట్లతో ముగిసేది.

రెండువేల పదకొండులో మాత్రం బీక్యా మెత్తబడ్డాడు. రోడ్డు పక్క ఎకరం ఆమెకు వదిలేస్తానన్నాడు, ఒక్క షరతు మీద: విత్తనానికి రూపాయి కూడా ఇవ్వడు. గంగి అది ముందే చూసుకుంది. నిరుడు గట్ల మీద వేసి ఏరిన పెసలు ఎనిమిది కిలోలు, బూడిద, వేపాకు కలిపి కుండకెత్తి, మూతి పేడతో మెత్తి పెట్టుకుంది. తండాలో ఏ ఇంట్లోనైనా అదే పద్ధతి. మూతి మెత్తిన కుండ విత్తనాలది, దాని జోలికి ఎవరూ పోరు.

జూన్‌లో మంచి వాన పడింది. గంగి కుండ మూతి తెరిచి, ఇరవై గింజలు తడిగుడ్డలో మూటగట్టింది. రెండోనాటికి పద్దెనిమిది మొలకెత్తాయి. ఆ సంబరంలో కుండను తెరిచింది తెరిచినట్టే వసారాలో వదిలి కూలికి పోయింది.

ఆ మరునాడే వంటావార్పూ. తెలంగాణ కావాలని ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కి, ఎడ్లబండ్లు అడ్డం పెట్టి, అక్కడే పొయ్యి రాజేసి వండుకు తింటున్న రోజులవి. దానికోసం ముందునాటి సాయంత్రం, గంగి కూలి నుంచి రాకముందే, ఊళ్లో ఉద్యమం నడిపే సమ్మయ్య నలుగురిని వెంటబెట్టుకుని తండాలో ఇల్లిల్లూ తిరిగాడు. ఊరు బియ్యం ఇచ్చిందని తెలిసి, తండా తక్కువ కాకూడదని బీక్యా పంతం పట్టాడు. వసారాలో మూతి తెరిచిన కుండ కనిపించింది. తెరిచి ఉందంటే తినేవే అనుకున్నాడు. ఉడకబెట్టి గుడాలు చేసుకోండని మొత్తం ఇచ్చేశాడు.

చీకటి పడ్డాక వచ్చి పడుకున్న గంగి పొద్దున లేచి చూస్తే కుండా లేదు, మొగుడూ లేడు, ఎద్దులూ లేవు. పొరుగింటి తుల్సీబాయి సంగతి చెప్పీ చెప్పకముందే గంగి రోడ్డు దారి పట్టింది.

సమ్మయ్య ఇంట్లో రాత్రంతా నానిన పెసలు ఇప్పుడు గంపలో, రోడ్డు మీది పొయ్యి పక్కన ఉన్నాయి. గంగి చెయ్యి పెట్టి చూసింది. గింజ ఉబ్బింది, కొన్నిటికి తెల్లగా ముక్కు కూడా కనిపిస్తోంది. కోపం వస్తే ఆమె తమ లంబాడీ మాటలోనే తిడుతుంది. ఆ రోజు మాత్రం ఊరందరికీ తెలియాలని తెలుగులో అందుకుంది.

"నా ఎకరం గుంజుకుందామనే గుడాలకిచ్చినవా?"

"నీ మీద ఒట్టు. మూతి తెరిసి ఉంటె తినేటియే అనుకున్న" అన్నాడు బీక్యా.

తెరిచి వదిలింది తానే. గంగి చేతిలోని గింజలను తిరిగి గంపలో పోసింది. ఆ సందులో సమ్మయ్య సముదాయించబోయాడు.

"గంగక్కా, ఇగ నానినయి గదా. ఉడకబెట్టుడు తప్ప ఏం జేస్తం?"

"నానినయి గాబట్టే తమ్మీ, ఇయ్యాల్నే భూమిల పడాలె. రేపటికి మురుగుతయి."

నేల మంచి పదును మీద ఉంది. కానీ బీక్యా ఎద్దులు బండికి కట్టి రోడ్డుకు అడ్డంగా ఉన్నాయి. బండి తీస్తే సందు పడుతుంది, సందు పడితే ఆగిన లారీలు కదులుతాయి. అడ్డం ఖతమైతదని సమ్మయ్య పరేషాన్ అయ్యాడు.

"ఎద్దులు నిలవడ్డ కాడ నువ్వు కూసో. నువ్వైతె గడ్డి సుత అడుగవు" అంది గంగి.

రోడ్డంతా నవ్వింది. నవ్వు ఆపుకోలేక సమ్మయ్యే వెళ్లి ఆ సందులో బొంత పరిచి కూర్చున్నాడు, అతని పక్కన మరో పదిమంది. గుడాలకు బదులు తన ఇంట్లో ఉన్న బొబ్బర్లు తుల్సీబాయి తెచ్చి ఇచ్చింది.

బీక్యా నాగలి కట్టి సాలు తీస్తుంటే గంగి వెనక నడుస్తూ గింజ విడిచింది. తడి గింజ వేళ్లకు అంటుకుని ముద్దలుగా పడుతోంది. ఆమె వెనక్కి వెళ్లి, రోడ్డు మీద చాయ్ పెట్టిన పొయ్యిలోంచి ఆరిన బూడిద తెచ్చి కలిపింది. అప్పుడు గింజకు గింజ విడిపోయి జానెడెడంగా పడసాగింది. రోడ్డు మీద కూర్చున్నవాళ్లు పని లేక సలహాలిచ్చారు. సాలు వంకర పోతోందని ఒకరు, బీక్యా నాగలి పట్టడం మరిచిపోయాడని మరొకరు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఎకరం అయిపోయింది. చూసి చూసి విడిచిందేమో, గంపలో ఇంకా నాలుగు దోసిళ్లు ఉన్నాయి. ఆ పక్కది బీక్యా పత్తి చెలక. ఇంకా గింజ పడలేదు, పాకెట్లు ఇంట్లోనే ఉన్నాయి. నానిన గింజను దాచుకోవడానికి లేదని ఇద్దరికీ తెలుసు. గంగి గంప ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది.

బీక్యా రోడ్డు వైపు చూశాడు. అందరూ ఇటే చూస్తున్నారు.

"నాలుగు సాళ్లే" అని ఎద్దులను పత్తి చెలకలోకి మళ్లించాడు.

"నాలుగే" అంటూ గంగి గంప చంకనెత్తుకుంది.

ఆరో సాలు సగంలో గంప ఖాళీ అయింది. బీక్యా లెక్క తప్పినవాడిలా ఆ సాలు చివరిదాకా తోలాడు.