డ్యాష్‌బోర్డు మీద రాముడు

మూడేళ్ల క్రితం భద్రాచలంలో ఇత్తడి రాముణ్ణి కొని, కారు డ్యాష్‌బోర్డు మీద నా భార్య కూర్చునే వైపు టేపుతో గట్టిగా అతికించాను.

"ఎయిర్‌బ్యాగ్ ఆడికెల్లే తెరుచుకుంటదట. జర పక్కకు పెట్టుండ్రి" అంది.

"దేవుడు ఎదురుంగ ఉంటే నీకేంది భయం?" అన్నాను.

తిరుగు ప్రయాణంలో సారపాక దాటాక ముందున్న జామాయిల్ కర్రల లారీని గుద్దాను. రెప్పపాటులో ఎయిర్‌బ్యాగ్ మూత చీల్చుకుని ఉబ్బి, విగ్రహాన్ని ఆమె ముఖం మీదికి విసిరింది. ముందు పళ్లు రెండు పోయాయి. నాకు గీత కూడా పడలేదు.

దవాఖానాలో బావమరిది అడిగితే, "బెల్టు పెట్టుకోలేదు" అన్నాను. పెదవికి కుట్లు పడిన ఆమె నావైపు చూసింది. తర్వాత కూడా ఆమె ఎవరికీ నిజం చెప్పలేదు.

ఇప్పటికీ కారెక్కగానే బెల్టు లాగి చూపిస్తుంది. "చూసుకోండ్రి, పెట్టుకున్న."

ఆ మాట విని విని అలసిపోయాను. ఆ రోజు కూడా ఆమె పెట్టుకునే ఉంది.